బండి ఎడమకి లాగుతోందా? తప్పు అలైన్‌మెంటుదే కాకపోవచ్చు

రోడ్డు తిన్నగానే ఉంది. స్టీరింగూ తిన్నగానే ఉంది. పట్టు కాస్త వదులు చేస్తే చాలు, కారు మెల్లగా ఎడమ అంచువైపు జరుగుతుంది. ఆంధ్రలో దీన్ని ‘బండి లాగుతోంది’ అంటారు, తెలంగాణలో ‘గుంజుతోంది’ అంటారు. షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కడైనా దాదాపు ఒకటే మందు: అలైన్‌మెంటు చేయించండి. చేయిస్తారు. నాలుగు రోజులకు మళ్ళీ మొదటికే వస్తుంది. ఇంకోచోట ఇంకోసారి అలైన్‌మెంటు. చివరికి యజమాని ఆ లాగుడుకే అలవాటుపడి, స్టీరింగును ఎప్పుడూ కాస్త కుడికి బిగబట్టి నెలల తరబడి నడిపేస్తుంటాడు.

ఆ అలవాటుతోనే చిక్కు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఆ వేగంలో కారు దిశ ఒక్క డిగ్రీ తప్పినా సెకనుకు దాదాపు 39 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. మన రహదారుల్లో ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. సుమారు 1.7 మీటర్ల వెడల్పున్న కారు లేను నడిమధ్యన పోతుంటే ఇరువైపులా మిగిలేది 90 సెంటీమీటర్లు. అంటే మోగుతున్న ఫోను ఎవరిదో చూసి తల ఎత్తేలోపు, రెండున్నర సెకన్లలో, చక్రం గీత దాటేస్తుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. లాగుడు జ్వరం లాంటిది. అది జబ్బు కాదు, లక్షణం. గాలి తగ్గిన టైరు ఉన్నా బండి లాగుతుంది, బ్రేకు పట్టేసినా లాగుతుంది, గుంతలో పడి చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి వంగినా లాగుతుంది. మొదటిదానికి పెద్ద ఖర్చేమీ లేదు. మిగతా రెండూ, ఎవరో హఠాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చి బ్రేకు గట్టిగా నొక్కాల్సిన రోజున ప్రాణం మీదికి తెచ్చేవి. ఏది కారణమో తేల్చకుండా అలైన్‌మెంటు చేయించడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగించడమే.

త్రాసు పళ్ళేలు మార్చినట్టు

కూరగాయల బండి దగ్గర త్రాసు మీద అనుమానం వస్తే పెద్దవాళ్ళు చేసే పని ఒకటుంది. తూకంరాళ్ళు ఉన్న పళ్ళెంలో కూరగాయలు, కూరగాయలు ఉన్న పళ్ళెంలో రాళ్ళు పెట్టించి మళ్ళీ తూచమంటారు. మొగ్గు సరుకుతో పాటు రెండో పళ్ళేనికి మారితే సరుకులోనే తేడా. మొగ్గు అదే పళ్ళెం దగ్గర ఉండిపోతే త్రాసులోనే తేడా. ప్రయోగశాలల్లో ఇదే పద్ధతిని ద్వంద్వ తూకం అంటారు, జర్మన్ గణితవేత్త గౌస్ పేరుతో చెబుతారు.

బండి లాగుడుకు కారణం వెతకడంలో ఇంతకు మించిన ఉపాయం లేదు. నిలువునా గీత గీసి చూస్తే కారు కుడి సగం, ఎడమ సగం దాదాపు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. రెండూ నిజంగా సమానమైతే బండి తిన్నగా పోవలసిందే. లాగుతోందంటే ఆ సమానత్వం ఎక్కడో చెడింది. ఎక్కడ చెడిందో తెలియాలంటే ఒక్కో వస్తువునూ అటుదిటు, ఇటుదటు మార్చి లాగుడు దేని వెంట పోతోందో చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. టైర్లు మార్చి, గాలి నింపి, అలైన్‌మెంటు కూడా అదే పూట చేయిస్తే బండి బాగుపడవచ్చు గానీ ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలియదు.

మొట్టమొదట అనుమానించాల్సింది బండిని కాదు, రోడ్డును. వాననీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులవైపు వాలుగా వేస్తారు. తారు రోడ్లకు ఈ వాలు సుమారు 2 శాతం, అంటే ప్రతి మీటరు వెడల్పుకు రెండు సెంటీమీటర్లు. కంటికి ఆనదు. కానీ 1,200 కిలోల కారు బరువులో 2 శాతమంటే 24 కిలోలు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుంటే చేతుల మీద ఎంత బరువు పడుతుందో, రోడ్డు వాలు అంత బలంతో కారును అంచువైపు నెడుతూనే ఉంటుంది. మనం ఎడమవైపున నడుపుతాం కాబట్టి ఆ నెట్టుడు ఎడమకే. మధ్యలో డివైడరు ఉన్న జాతీయ రహదారుల మీద కూడా చాలాచోట్ల వాలు బయటి అంచువైపే ఉంటుంది. అందువల్ల మన దేశంలో ఏ కారైనా కొద్దిగా ఎడమకు జరగడం సహజం. అమెరికాలో కుడికి జరుగుతుంది. ఇక్కడి రోడ్డు మీద కారు కుడికి లాగుతోందంటే మాత్రం అది వాలుకు ఎదురెక్కుతోందన్నమాట. అప్పుడు తప్పు బండిదే, సందేహం అక్కర్లేదు.

రోడ్డా, బండా అని తేల్చడానికి జనం లేని విశాలమైన చదును నేల కావాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగు స్థలం చాలు. తూర్పుకు ఒకసారి, అదే గీత మీద పడమటికి ఒకసారి మెల్లగా నడిపి చూడాలి. రెండుసార్లూ ఎడమకే పోతే బండిలో తేడా ఉంది. వెళ్ళేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి పోతే నేల వాలో, గాలి వీచే దిక్కో కారణం. స్టీరింగు మీద వేళ్ళు ఆనించి ఉంచాలే తప్ప చేతులు పూర్తిగా వదలకూడదు. ‘హైవే మీద చేతులు వదిలేసి చూడండి’ అనే సలహా ఎవరిచ్చినా వినాల్సిన పని లేదు.

టీ కప్పులా దొర్లే టైరు

తర్వాత గాలి. ముందు చక్రాల్లో ఒకదానిలో గాలి తగ్గితే ఆ టైరు ఎక్కువ నలుగుతుంది, దొర్లడానికి ఎక్కువ మొరాయిస్తుంది, బండి ఆ వైపుకు తిరుగుతుంది. గాలిని టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే టైరులో పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ పడేలా నిలిపిన కారులో ఎండవైపు టైరు అబద్ధం చెబుతుంది. ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది. పంక్చరు షాపులో ‘అన్నిటికీ ముప్పై అయిదు కొట్టు’ అనేయడం కంటే ఆ చీటీ చదవడం మేలు.

గాలి సరిగ్గానే ఉండి ఇంకా లాగుతుంటే, ఇప్పుడు పళ్ళేలు మార్చాలి. ముందు చక్రాలు రెండింటినీ జాకీ పెట్టి విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించాలి. మళ్ళీ అదే దారిలో నడపాలి. ఇంతకుముందు ఎడమకు లాగిన బండి ఇప్పుడు కుడికి లాగితే దొంగ దొరికినట్టే, అది టైరు. లాగుడు పూర్తిగా పోయినా వేలు టైరువైపే చూపిస్తుంది. ఏ మార్పూ లేకపోతే టైర్లను దాదాపు వదిలేసి లోపలికి చూడవచ్చు. అరగంట పని ఇది. ఏ యంత్రమూ అక్కర్లేదు. అయినా అలైన్‌మెంటు కంటే ముందు దీన్ని చేసేవాళ్ళు అరుదు.

కొత్త టైరు కూడా ఎందుకు లాగుతుంది? అంచు దగ్గర వెడల్పుగా, అడుగున సన్నగా ఉండే కాగితపు టీ కప్పును బల్ల మీద పడుకోబెట్టి దొర్లిస్తే తిన్నగా పోదు. సన్నటి అడుగు వైపుకు తిరుగుతూ గుండ్రంగా చుట్టేస్తుంది. టైరులోపలి ఉక్కుతీగల పట్టీ తయారీలో నడిమధ్యన కాకుండా వెంట్రుకవాసి పక్కకు పడినా, ఆ టైరు కంటికి కనపడనంత కొద్దిగా టీ కప్పు ఆకారం తెచ్చుకుంటుంది. ఇంజినీర్లు దీన్ని కోనిసిటీ అంటారు, శంకుతనం అనుకోవచ్చు. చక్రాన్ని రెండో పక్కకు మార్చినప్పుడు కప్పు సన్నటి అడుగు కూడా రెండో దిక్కుకు తిరుగుతుంది కాబట్టి లాగుడు దిశ మారిపోతుంది. ఒకవైపే అరిగిన పాత టైరు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

టైరు పక్కకు నెట్టడానికి రెండో కారణం కూడా ఉంది. ఉక్కుపట్టీలోని తీగలు ఏటవాలుగా ఉంటాయి. అన్నిటికన్నా పైపొరలోని తీగలు ఏ వాలున ఉన్నాయో దాన్నిబట్టి టైరు నేలను ఒక పక్కకు రుద్దుతుంది. దీన్ని ప్లై స్టీర్ అంటారు. ఇది శంకుతనం లాంటిది కాదు, చక్రాలను అటూ ఇటూ మార్చినా దీని దిశ మారదు. ఈ లోపాన్నే ఇంజినీర్లు ఉపాయంగా మలుచుకున్నారు. తీగల వాలును కావాలని ఒకవైపు పెట్టి, రోడ్డు వాలు నెట్టే బలాన్ని కొంతవరకు రద్దు చేసేలా టైర్లు తయారు చేస్తారు. ఎడమవైపు నడిపే దేశాలకు పనికొచ్చే వాలు కుడివైపు నడిపే దేశాలకు పనికిరాదు.

ఒక జాగ్రత్త. టైరు పక్కన తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉంటే దాన్ని రెండో పక్కకు మార్చకూడదు. అలాంటప్పుడు అదే పక్కన ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు మార్చి చూడాలి. బండి లాగడం మానేసినా, లాగే తీరు మారినా టైరు సంగతే.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగితే

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. లాగుడు ఎప్పుడు వస్తోంది? ఎప్పుడూ ఉంటోందా, బ్రేకు నొక్కినప్పుడేనా, యాక్సిలరేటరు తొక్కినప్పుడేనా?

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే బండి కుడికి పోతుంటే చాలామంది కుడి చక్రాన్ని విప్పుతారు. తరచుగా తప్పు ఎడమ చక్రానిదై ఉంటుంది. కుడి బ్రేకు తన పని తాను చేస్తోంది, ఎడమది చేయడం లేదు. బలంగా పట్టిన వైపుకే బండి తిరుగుతుంది. ఎడమ కేలిపర్ లోపలి పిస్టను తుప్పుతో బిగుసుకుపోవడం, కేలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోవడం, ప్యాడ్ల మీద ఆయిలు పడడం ఇలాంటివి కారణాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 1,200 కిలోల కారులో ఉండే గతిజశక్తి సుమారు 167 కిలోజౌళ్ళు. ఆగేటప్పుడు అందులో ఎక్కువ భాగాన్ని ముందు బ్రేకులే వేడిగా మార్చాలి. ఆ పనిని ఒక్క చక్రమే మోస్తే కారు దానిచుట్టూ తిరగాలని చూడడంలో వింత లేదు. తడిరోడ్డు మీద ఆ తిరుగుడును స్టీరింగుతో ఆపడం చాలా కష్టం.

డిజైనర్లకు ఈ భయం ఎప్పటినుంచో ఉంది. 1972లో వచ్చిన ఆడి 80 కారులో దీనికి ఒక చక్కటి విరుగుడు పెట్టారు. చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ స్టీరింగు అక్షం నేలను తాకే చోటును టైరు నడిమధ్యకన్నా కొంచెం బయటికి జరిపారు. అప్పుడు ఒక బ్రేకు గట్టిగా పట్టి కారును కుడికి తిప్పబోతే, అదే బలం చక్రాలను తనంతట తానే కొద్దిగా ఎడమకు తిప్పుతుంది. ఒకదాన్ని ఒకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ముందువైపు ఇంజినుతో తిరిగే ఎన్నో చిన్న కార్లు తర్వాత ఇదే దారి పట్టాయి.

బ్రేకు నొక్కకపోయినా బ్రేకు వల్ల లాగడం మరో తీరు. పెడలు వదిలినా ఒక చక్రంలో ప్యాడ్లు డిస్కును వదలవు. అప్పుడు లాగేది పట్టేసిన వైపుకే. బయల్దేరినప్పుడు బాగానే ఉండి, పది పదిహేను కిలోమీటర్లు పోయాక లాగుడు ఎక్కువవుతుంటే దీన్నే అనుమానించాలి. బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ కొంతదూరం నడిపి, ఆపి, చక్రాల దగ్గరగా చెయ్యి పెడితే చాలు, సెగ ఒకవైపు నుంచే కొడుతుంది. తాకకూడదు, కాలుతుంది. కాలిన వాసన కూడా వస్తుంటే బండిని ఇక నడపకుండా మెకానిక్‌ను పిలవడం మంచిది. ఇందులో మెకానిక్కులను కూడా బోల్తా కొట్టించేది రబ్బరు గొట్టం. పాతబడిన బ్రేకు గొట్టం లోపలి పొర ఉబ్బి దారి ఇరుకవుతుంది. పెడలు బలానికి ద్రవం లోపలికి పోతుంది గానీ వెనక్కి రాలేదు. కొత్త కేలిపర్ వేసినా జబ్బు తగ్గదు. ఆ చక్రం దగ్గర గాలి తీసే నిప్పులును వదులు చేయగానే చక్రం స్వేచ్ఛగా తిరిగితే ద్రవం చిక్కుకుపోయిందని అర్థం, అప్పుడు గొట్టాన్ని చూడాలి.

యాక్సిలరేటరు తొక్కినప్పుడే ఒకవైపుకు, వదిలితే ఇంకోవైపుకు జరుగుతుంటే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షులు నలిగిపోయి ఉండవచ్చు. చక్రం ముందుకూ వెనక్కూ ఊగుతోందన్నమాట. కుడిమలుపు తిరిగాక కుడికీ, ఎడమమలుపు తిరిగాక ఎడమకీ లాగుతుంటే పైన స్ట్రట్టు బేరింగో, స్టీరింగు కీలో బిగుసుకుపోయింది.

అలైన్‌మెంటు నిజంగా సరిచేసేది ఏమిటి?

అలైన్‌మెంటులో మూడు కోణాలుంటాయి. టో అంటే, మీదనుంచి చూస్తే రెండు ముందు చక్రాలూ ఒకదానివైపు ఒకటి మొగ్గాయా, దూరంగా విచ్చుకున్నాయా అన్నది. మనిషి పాదాలు లోపలికో బయటికో తిప్పి నిలబడ్డట్టు. క్యాంబర్ అంటే ఎదురుగా చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం. క్యాస్టర్ అంటే స్టీరింగు అక్షం వెనక్కి వాలడం. సైకిలు ముందు ఫోర్కు చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఫోర్కు వాలును కిందికి పొడిగిస్తే ఆ గీత టైరు నేలను తాకే చోటుకన్నా ముందే నేలను తాకుతుంది. చక్రం ఆ బిందువు వెనకే నడుస్తుంది కాబట్టి తనంతట తాను తిన్నబడుతుంది. సైకిలు పడిపోకుండా ఉండడంలో ఈ దూరానిది ఎంత పాత్రో తేల్చడానికి బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ కావాలని తొక్కడానికి వీల్లేని సైకిళ్ళు తయారు చేయబోయి, ఆ కథను 1970లో ‘ఫిజిక్స్ టుడే’లో రాశారు. దాని మీద వాదన ఇంకా పూర్తిగా ముగిసిపోలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు మెలిక. చాలా చిన్న కార్లలో ముందువైపు సాధారణ షెడ్డులో సరిచేయడానికి వీలున్నది టో ఒక్కటే. ముందు చక్రాల టో తేడా మాత్రం సాధారణంగా బండిని లాగనే లాగదు. రెండు చక్రాలూ స్టీరింగు ర్యాక్‌తో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకదాని టో చెడితే రెండూ సర్దుకుని ఆ తేడాను సగం సగం పంచుకుంటాయి. బండి తిన్నగానే పోతుంది, స్టీరింగు వంకరగా నిలబడుతుంది, టైర్ల అంచులు రంపం పెట్టినట్టు అరుగుతాయి. ‘స్టీరింగు వంకరగా ఉంది’ అనేదీ ‘బండి లాగుతోంది’ అనేదీ రెండు వేరువేరు ఫిర్యాదులు. అలైన్‌మెంటు మొదటిదాన్ని నయం చేస్తుంది. రెండోదానికి ఆ మందే రాసిస్తే ఎన్నిసార్లు వాడినా తగ్గదు.

లాగేవి మిగతా రెండు కోణాలు. దొర్లుతున్న రూపాయి బిళ్ళ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే తిరుగుతుంది. చక్రమూ అంతే. పైభాగం ఎక్కువ బయటికి ఒరిగిన చక్రం వైపుకు బండి పోతుంది. క్యాస్టర్ విషయంలో రెండు చక్రాలూ కాడికి కట్టిన ఎద్దుల లాంటివి. ఒక ఎద్దు నీరసిస్తే బండి దానివైపే తిరిగినట్టు, క్యాస్టర్ తగ్గిన వైపుకు కారు లాగుతుంది. కుడి ఎడమల మధ్య తేడా మామూలుగా అర డిగ్రీ లోపే ఉండాలి. అందుకే అలైన్‌మెంటు చేశాక ఇచ్చే కాగితం మీద టో దగ్గర పచ్చరంగు చూసి జేబులో పెట్టుకోకుండా, క్యాంబర్, క్యాస్టర్ అంకెలు రెండు వైపులా ఎంతెంత ఉన్నాయో పోల్చి చూడాలి. అంకెలు విడివిడిగా పరిధిలోనే ఉన్నా ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన ఉంటే లాగుడు తప్పదు.

ఆ కోణాలు వాటంతటవి మారవు. ఏదో వంగితేనో, జరిగితేనో మారతాయి. మన రోడ్ల అంచులు తెగి గుంతలుండేది ఎడమవైపు. ఎడమ చక్రం గుంత గోడను కొట్టుకుంటే లోయర్ ఆర్మ్ వెనక్కి నెట్టుకుపోతుంది, ఆ వైపు క్యాస్టర్ తగ్గుతుంది, బండి ఎడమకు లాగుతుంది. దానికి రోడ్డు వాలు తోడవుతుంది. క్లచ్చు, గేర్‌బాక్సు పనికోసం కింది ఫ్రేమును విప్పి మళ్ళీ బిగించేటప్పుడు కాస్త పక్కకు జరిగినా ఒకవైపు క్యాంబర్ పెరిగి రెండోవైపు తగ్గుతుంది. వంగిన భాగాన్ని మార్చడం, జరిగిన ఫ్రేమును నడిమధ్యకు తేవడం తప్ప వీటికి వేరే చికిత్స లేదు.

అందుకే డాక్టరు అడిగినట్టు మంచి మెకానిక్ మొదట అడిగేది ‘ఎప్పటినుంచి?’ అని. టైర్లు మార్చిన రోజునుంచా, పెద్ద గుంతలో పడ్డాకా, గేర్‌బాక్సు పని చేయించాకా, లేక తేదీ చెప్పలేనంత మెల్లగా మొదలైందా? చివరిదైతే బ్రేకో, బుష్షో, టైరు అరుగుదలో అయ్యే అవకాశం ఎక్కువ.

ఇటీవలి కార్లలో ఈ వెతుకులాట కొంచెం కష్టమైంది. స్టీరింగుకు విద్యుత్ మోటారు సాయం ఉన్న కొన్ని మోడళ్ళలో, డ్రైవరు ఎప్పుడూ ఒకే పక్కకు బలం పెడుతున్నాడని సాఫ్ట్‌వేర్ గమనించి ఆ బలాన్ని తానే మెల్లగా అందిస్తుంది. చేతికి హాయి. కానీ లోపం పెరుగుతున్నా తెలియదు. టైర్లు అటూ ఇటూ మార్చిన వెంటనే మోటారు ఇంకా పాత లెక్కలోనే నెడుతుంటుంది కాబట్టి కొంతసేపు ఫలితం తప్పుగా కనబడవచ్చు. అలాంటి కారులో టైర్లు మార్చాక కొన్ని కిలోమీటర్లు నడిపి, ఆ తర్వాతే లాగుడు ఏ వైపుకు ఉందో చూడాలి.